పత్తి సాళ్ల నడుమ కంది సాలు

పాఠ్యభాగము: ప్రసంగి 11:1-6



బిట్‌కాయిన్ అను కంప్యూటరు నాణెమును కొని పదేండ్లు దాచినయెడల గొప్ప ధర పలుకునని మన యౌవనస్థులు కొందరు చెప్పుకొనుచున్నారు. ధర పెరుగునో తరుగునో చెప్పుట ఈ పాఠము పని కాదు. ఆ పందెము తప్పినను ఇల్లు నిలుచునట్లు ముందుగా ఏమి చేసికొనవలెనో చూతము. వ్యాపారులు దీనిని హెడ్జింగు అందురు.

ఈ సంగతి ఆదిలాబాదు రైతునకు క్రొత్త కాదు. 2022 ఆరంభమున మన మార్కెట్ యార్డులో పత్తి క్వింటాలు 10,000 రూపాయలు దాటెను. మరుసటి పంటకు అదే ధర మరల వచ్చునని అనేకులు పత్తిని ఇంటిలోనే నిలువజేసిరి. ధర రాలేదు. నిలువయున్న పత్తి తూకము తగ్గును, ఇంటిల్లిపాదికి దురదలు పట్టును, అప్పునకు వడ్డీ ఆగదు. సగము అమ్మి అప్పు తీర్చుకొన్నవాడు తక్కిన సగముతో నిమ్మళముగా ఎదురుచూడగలడు. లాభములో కొంత వదలుకొని నష్టమునకు హద్దు పెట్టుకొనుట యనగా ఇదియే.

పత్తికి మద్దతు ధర కలదు. 2025-26లో పొడవు పింజకు క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ 12 శాతము మించినయెడల సీసీఐ వారు కొనరు, అది వేరే బాధ. బిట్‌కాయిన్‌కు ఇట్టి ధర ఇచ్చువారెవరును లేరు. 2021 నవంబరులో సుమారు 69,000 డాలర్లున్నది మరుసటి నవంబరునకు 16,000 డాలర్లకు దిగెను. 2025 అక్టోబరులో 1,20,000 దాటెను గదా అందురు. నిజమే, అయితే ఈ నడుమ అప్పులవాడు వాకిట నిలిచినప్పుడు అమ్ముకొన్నవానికి ఆ ధరవలన ఏమి లాభము?

మద్దతు ధరవంటిదానిని వెలయిచ్చి కొనుటయు కలదు. ఫలానా తేదీలోగా ఫలానా ధరకు అమ్ముకొను హక్కు అది. పుట్ ఆప్షన్ అందురు. ధర పడినయెడల ఆ హక్కు కాచును, పడనియెడల కట్టిన రుసుము పోవును. గడువు పొడవైనకొలదియు, ధర ఊగులాట ఎక్కువైనకొలదియు రుసుము పెరుగును. పల్లెవారికి ఇది తగినదని నేను తలంచను.

ఏడుగురికిని ఎనమండుగురికిని భాగము పంచిపెట్టుమని ప్రసంగి బోధించుచున్నాడు గనుక అయిదు రకముల నాణెములు కొందుమని కొందరు వాదింతురు. పత్తి సాళ్ల నడుమ కంది సాలు ఎందుకు వేయుదుము? కంది వేరు లోతుగా పోవును, దాని కోత కాలము వేరు, దానిని కొనువారు వేరు. బిట్‌కాయిన్ పడినప్పుడు తక్కిన నాణెములును సాధారణముగా దానితోనే పడును. ఒకే విత్తనమును అయిదు చెలకలలో వేసినట్టే గదా! పైగా 2022 ఏప్రిల్ నుండి మన దేశమున ఈ లాభముపై 30 శాతము పన్ను కలదు. ఒక నాణెముమీది నష్టమును మరియొకదాని లాభములో తగ్గించుకొనుటకు వీలులేదు. మనకు కంది సాలు ఏదనగా బ్యాంకులోని డిపాజిటు, కొట్టములోని పశువు, తీరిన అప్పు.

ధర నిలిచినను దాచినవాడు నిలువకపోవచ్చును. 2024 జూలైలో వజీర్‌ఎక్స్ అను మన దేశపు సంస్థనుండి దొంగలు సుమారు 23 కోట్ల డాలర్ల విలువగల నాణెములను అపహరించిరి. ఖాతాదారులు తమ సొమ్మును చాలకాలము తీసికొనలేకపోయిరి. బ్యాంకు డిపాజిటుకు 5 లక్షల వరకు బీమా కలదు, దీనికి లేదు.

కొనగోరువాడు విత్తనముల డబ్బును, పిల్లల ఫీజును ముట్టరాదు. అడ్తి వ్యాపారియొద్ద అప్పు తెచ్చి కొనరాదు. ధర రెట్టింపైననాడు పన్ను లెక్కచూచుకొని పెట్టిన అసలును వెనుకకు తీసికొనవలెను. ఆ మాట కొనకముందే వ్రాసిపెట్టుకొనుట మంచిది, పెరుగుచున్న ధరను చూచుచు ఎవడును అమ్మనేరడు.

యిర్మీయా అనాతోతు పొలమును కొన్నప్పుడు వెండి తూచి, సాక్షులను పిలిచి, క్రయపత్రమును బహుదినములుండునట్లు మట్టికుండలో పెట్టించెను (యిర్మీయా 32). నాణెమును తెరచు రహస్యపు మాటలు మీ తలలోనే ఉన్నయెడల మీ తరువాత ఆ సొమ్ము భార్యాపిల్లలకు చేరదు. వాటిని కాగితముమీద వ్రాసి, ఆ కాగితము ఎక్కడనున్నదో ఇంటిలో ఒకరికి చెప్పుడి.