రెండు డాలర్ల ఆటలో అసలు పందెం

ఆన్‌లైన్ పోకర్‌లో అన్నిటికంటే చిన్న బల్లల మీద పందెం ఒక సెంటు, రెండు సెంట్లతో మొదలవుతుంది. అక్కడ నిండుగా డబ్బు పెట్టుకుని కూర్చున్నా రెండు డాలర్లే. న్యూజెర్సీ, మిషిగన్, పెన్సిల్వేనియా, నెవాడా లాంటి కొన్ని అమెరికా రాష్ట్రాల్లో ఇది చట్టబద్ధమైన ఆట. ఆఫీసు చిరాకుతో ఇంటికొచ్చి, రాత్రి పదకొండింటికి లాప్‌టాప్ తెరిచే మనవాళ్లు అక్కడ ఉన్నారు. ఎందుకీ ఆట అని అడిగితే జవాబు సిద్ధంగా ఉంటుంది: "పోతే ఎంత పోతుంది? కాఫీ డబ్బులు కూడా కావుగా!"

లెక్క ప్రకారం ఆ మాట నిజమే. కానీ మనసు బాగాలేని రోజున బల్ల మీద పెట్టేది రెండు డాలర్లతో ఆగదు. రాత్రి నిద్ర, రేపటి ఓపిక, వీటన్నిటికంటే విలువైన నిర్ణయశక్తి కూడా ఆ పందెంలోకి వెళతాయి.

ఒత్తిడిలో ఉన్నవాడికి పేకముక్కలు అంత తియ్యగా ఎందుకుంటాయి? మనల్ని నిజంగా నలిపేసే సమస్యలేవీ త్వరగా తేలవు. లేఆఫ్ జాబితాలో పేరుందా, వీసా ఏమవుతుంది, ఊళ్లో నాన్న స్కాన్ రిపోర్టులో ఏమొస్తుంది... ఒక్కోదానికి వారాల తరబడి ఎదురుచూడాలి. పోకర్‌లో అన్నీ నిమిషంలో తేలిపోతాయి. ఆన్‌లైన్‌లో ఒక్క బల్ల మీదే గంటకు 60, 70 సార్లు ముక్కలు పంచుతారు. అంటే ఇంచుమించు నిమిషానికో తీర్పు. ఎటూ తేలని బెంగ మోస్తున్నవాడికి చప్పున తేలిపోయేదేదైనా హాయిగానే ఉంటుంది. ఆ హాయి అబద్ధం కాదు. దాన్ని మందు అనుకున్నప్పుడే చిక్కు మొదలవుతుంది.

ఒక ఆట చూద్దాం. మీ చేతికి రెండు ఆసులు వచ్చాయి. సగటున 221 సార్లకు ఒకసారి పడే ముక్కలవి. గంటకు 70 చొప్పున ఆడితే మూడు గంటలకు పైగా కాచుకోవాలి. ఎదుటివాడి దగ్గర రెండు రాజులు. ఇద్దరూ ఉన్నదంతా మధ్యలోకి తోశారు. మీరు గెలిచే అవకాశం దాదాపు 82 శాతం. బల్ల మీద నాలుగు ముక్కలు తిరిగాయి, ఇంకా మీదే పైచేయి. ఐదోది తిరిగింది. రాజు! మీ రెండు డాలర్లూ అటు వెళ్లిపోయాయి.

ప్రశాంతంగా ఉన్నవాడు "అయిదారుసార్లకు ఒకసారి ఇలా జరగాల్సిందే" అనుకుని తరవాతి ముక్కలు అందుకుంటాడు. అదే రోజు మేనేజరు చేత నలుగురిలో మాటపడి వచ్చినవాడు మాత్రం ఆ రాజు తనకోసమే పగబట్టి వచ్చిందనుకుంటాడు. పోయినచోటే వెతుక్కోవాలన్న మాట సరిగ్గా అప్పుడే గుర్తొస్తుంది. సెంట్ల బల్ల వదిలి డాలర్ల బల్ల ఎక్కుతాడు. పారేయాల్సిన ముక్కలతో పందెం కాస్తాడు. ఆటగాళ్లు ఈ స్థితిని టిల్ట్ అంటారు. ఆట తెలియనివాడి కంటే టిల్ట్‌లో ఉన్న ఆటగాడే ఒక్కోసారి ఎక్కువ పోగొట్టుకుంటాడు. ఎందుకంటే తనకు ఆట వచ్చన్న ధీమా అతన్ని లేవనివ్వదు. గెలిచినవాళ్లకు దక్కే పందెం మొత్తం, అంటే పాట్‌లోంచి నిర్వాహకుడు కమీషన్ కోసుకుంటూనే ఉంటాడు కాబట్టి, నిద్రమత్తులో ఆడే ప్రతి గంటా నష్టాన్ని పెంచేదే.

మరి కష్టకాలంలో పోకర్ పట్టిన ప్రతివాళ్లూ చెడిపోయారా అంటే, లేదు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త మరియా కొన్నికోవా కథ చూడండి. 2015 ప్రాంతంలో ఆమెకు దెబ్బ మీద దెబ్బ తగిలింది. అంతుపట్టని అనారోగ్యం, తల్లి ఉద్యోగం పోవడం, ఇంట్లో పెద్దావిడ మరణం. బతుకులో మన చేతిలో ఉన్నదెంత, అదృష్టం చేతిలో ఉన్నదెంత అన్న ప్రశ్న పట్టుకుని ఆమె పోకర్ నేర్చుకోవడం మొదలుపెట్టారు. న్యూయార్క్‌లో ఆన్‌లైన్ పోకర్‌కు అనుమతి లేదు. అందుకని నది దాటి న్యూజెర్సీలోని హోబోకెన్‌కు వెళ్లి, అక్కడి కేఫ్‌లలో కూర్చుని చిన్న పందేలతో సాధన చేశారు. 2018 జనవరిలో బహమాస్‌లో జరిగిన ఒక టోర్నమెంటు గెలిచి 84,600 డాలర్లు అందుకున్నారు. ఈ ప్రయాణాన్ని 2020లో 'ది బిగ్గెస్ట్ బ్లఫ్' పుస్తకంగా రాశారు.

ఆ బహుమతి సొమ్ము చూసి ఉత్సాహపడకండి. ఆమె ఎలా ఆడారో చూడండి. ఆమెకు ఎరిక్ సైడెల్ అనే అనుభవజ్ఞుడు గురువుగా ఉన్నాడు. దురదృష్టం వల్ల ఓడిపోయానని కథలు చెప్పబోతే ఆయన ఆసక్తి చూపేవాడు కాదు. ఎక్కడ ఏ నిర్ణయం తీసుకున్నావు, ఎందుకు తీసుకున్నావు అన్నదే ఆయనకు కావలసింది. ఆడాల్సిన సమయం, చోటు, ఉద్దేశం ముందే తేల్చుకుని కూర్చున్నారామె. బాధ మరిచిపోవడానికి కూర్చున్నవాడికి ఈ మూడూ ఉండవు. అందుకే అతనికి లేచే సమయమూ ఉండదు.

పోకర్ నుంచి వ్యక్తిత్వానికి పనికొచ్చే పాఠం ఒకటుంది. అది ముక్కలు పారేయడం. మంచి ఆటగాడు తనకు పంచిన ముక్కల్లో ఎక్కువ భాగం ఆడకుండానే వదిలేస్తాడు. ఇప్పటికే పాట్‌లో పెట్టిన డబ్బు తనది కాదని అతనికి తెలుసు. దానికోసం ఇంకో రూపాయి పోసే ముందు, ఇప్పుడున్న ముక్కల బలమేమిటని మాత్రమే చూసుకుంటాడు. అయిదేళ్లు చేశాం కదా అని సరిపడని ఉద్యోగాన్నీ, అందరికీ చెప్పేశాం కదా అని తప్పుడు నిర్ణయాన్నీ పట్టుకు వేలాడే మనకు ఈ అలవాటు ఎంతో అవసరం. కానీ ఇది నేర్చుకోవడానికి డబ్బు పెట్టనక్కరలేదు. ఉత్తుత్తి చిప్స్‌తో ఆడినా నేర్పుతుంది.

తెలుగు రాష్ట్రాల్లో ఉన్నవారికి ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 1968లో ఒక సికింద్రాబాద్ క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యమున్న ఆట అన్నది కదా అని వాదించేవాళ్లుంటారు. కానీ 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా చూడకుండానే డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. పందెం చిన్నదైనా మినహాయింపు లేదు. ఇప్పుడు ఏ దొంగ యాప్‌లోనో డబ్బు వేస్తే, అది ఇరుక్కున్న రోజున అడగడానికి దిక్కుండదు.

చట్టం అనుమతించిన చోట ఉండి ఆడాలనుకుంటే, కూర్చునే ముందే రెండు పనులు చేయండి. డిపాజిట్‌కీ సమయానికీ సైట్లోనే పరిమితి పెట్టుకోండి. పందెం పెంచే నిర్ణయాన్ని ఎప్పుడూ ఆట మధ్యలో తీసుకోకండి, మర్నాడు పగలు ఆలోచించండి. ఎంతసేపు ఆడారో భార్యకో భర్తకో దాచాలనిపించిన రోజున ఆట మానేయాల్సిన సమయం వచ్చిందని అర్థం. మానలేకపోతే సిగ్గుపడకుండా సాయం అడగండి. మన దేశంలో టెలి మానస్ నంబరు 14416, అమెరికాలో జూదం సమస్యలకు 1-800-426-2537.

మనసు కుదురుగా ఉన్న రోజున ఆడండి, సరదా తీరగానే లేవండి. మనసు బాగాలేని రోజున మాత్రం బల్ల జోలికి పోకండి. చేయకుండా వాయిదా వేస్తున్న ఆ ఫోన్ కాల్ చేయండి, తెరవకుండా పక్కన పెట్టిన ఆ మెయిల్ తెరవండి. మీ ఒత్తిడికి విరుగుడు ముందు అక్కడ వెతకండి.