విస్తరి ముందు మొహమాటం

బరువు తగ్గాలనుకునే తెలుగువాళ్లకు జిహ్వచాపల్యం కంటే పెద్ద అడ్డంకి మొహమాటమేనని నా గట్టి నమ్మకం. ఆకలి తీరిపోయినా మారు వేయించుకుంటాం, వడ్డించేది అత్తగారు కాబట్టి. ఆఫీసులో ఎవరి పుట్టినరోజైనా కేకు ముక్క వద్దనలేం. పెళ్లి భోజనంలో ‘ఇంకొక్క బూరె’ అని వంగిన మనిషి ముఖం చిన్నబోతుందేమోనని విస్తరికి చెయ్యి అడ్డం పెట్టలేం. నలభై అయిదేళ్ల ఇల్లాలు బూట్లు వేసుకుని వీధిలో గబగబా నడిస్తే ఎదురింటివాళ్లు ఏమనుకుంటారో అన్న జంకు ఇంకోటి. ఏం తినాలో చెప్పే చార్టులు ఎన్నో దొరుకుతాయి. వడ్డించే చేతిని నొప్పించకుండా ఆపడమెలాగో వాటిలో ఉండదు. నేర్చుకోవలసింది ముందు అదే.

మన భోజనం తీరు గమనించండి. పప్పుకు కొంత అన్నం, కూరకు కొంత, పచ్చడికి ఓ ముద్ద, పులుసుకో చారుకో మళ్లీ కొంత, చివర పెరుగుకు ఇంకొంత. ప్రతి వంటకమూ తన వాటా అన్నం అడుగుతుంది. ఏ ఒక్కసారీ ఎక్కువ తిన్నట్టు అనిపించదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రోజుకు 2,000 కేలరీలు అవసరమయ్యే మనిషికి బియ్యం, గోధుమ, జొన్న, రాగి అన్నీ కలిపి 250 గ్రాములు చాలు. కూరగాయలు, ఆకుకూరలు మాత్రం 400 గ్రాములు ఉండాలి. పొద్దున తిన్న ఇడ్లీలోని రవ్వ, దోసెలోని బియ్యం కూడా ఆ 250లోకే వస్తాయి. మనలో చాలామంది ఇళ్లలో ఈ లెక్క తిరగబడి ఉంటుంది.

అలాగని అన్నం మానేయమనను. కూర ఇప్పటికంటే రెట్టింపు వండుకోండి. పప్పు పలచగా కాకుండా గట్టిగా చేసి కప్పునిండా వేసుకోండి. చారు గ్లాసులో పోసుకుని తాగండి. పెరుగన్నం బదులు ఉత్త పెరుగో, మజ్జిగో. అప్పుడు అన్నం రెండు విడతలతో సరిపోతుంది, రాత్రి పదింటికి డబ్బాలు వెతికించే ఆకలీ ఉండదు. నూనె సంగతి కూడా ఇంటిల్లిపాదీ కూర్చుని చూడవలసిందే. అదే సంస్థ చెప్పిన లెక్క మనిషికి రోజుకు 27 గ్రాములు. నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి నెలకు సుమారు మూడున్నర లీటర్లు, అదీ నెయ్యితో కలిపి. కిరాణా చీటీ తీసి చూస్తే మనం ఎక్కడున్నామో తెలిసిపోతుంది.

ఇక వద్దనడం గురించి. ఉత్త ‘వద్దు’ వండినవాళ్లను గుచ్చుతుంది. దాని వెంటే ఇంకేదైనా అడగండి. “అత్తయ్యా, అన్నం చాలండీ, ఆ బీరకాయ కూర మాత్రం ఇంకొంచెం వెయ్యండి” అంటే ఆవిడ చేతివంటకు అందాల్సిన మర్యాద అందుతుంది, మన కంచంలోకి రావలసిందీ వస్తుంది. ఈ మాట విస్తరి ముందు కాదు, వంట మొదలుకాక ముందే చెప్పగలిగితే మరీ మంచిది. డాక్టరు వద్దన్నారని అబద్ధమాడడం నాకు నచ్చదు. ఆ సాకు ఆ పూట గట్టెక్కిస్తుంది కానీ నిర్ణయం మనది కాకుండా పోతుంది. “నేనే తగ్గించుకుంటున్నాను” అని నలుగురిలో నెమ్మదిగా చెప్పగలిగిన మనిషి రెండోసారి, మూడోసారి ఇంకా తేలిగ్గా చెప్పగలుగుతాడు. బరువుతోపాటు ఇంకెన్నో విషయాల్లో ఆ ధైర్యం పనికొస్తుంది.

వంటింటి ఆడవాళ్ల గురించి విడిగా చెప్పాలి. అందరికీ పెట్టి ఆఖరున తినే అమ్మ, పారేయడానికి మనసొప్పక గిన్నె అడుగున మిగిలిందంతా తన కంచంలోనే వేసుకుంటుంది. అన్నాన్ని గౌరవించే ఆ గుణం గొప్పది. దాని బరువు ఒక్క ఒంటి మీదే పడడం అన్యాయం. రాత్రికి పోసే బియ్యం ఓ గుప్పెడు తగ్గించాలి. అయినా మిగిలితే పాలు పోసి తోడు పెడితే తెల్లారి చద్దన్నం అవుతుంది, ఇంట్లో ఎవరైనా తినొచ్చు. అన్నిటికంటే ముందు, ఆవిడ కూడా అందరితోపాటు కూర్చుని తినాలి.

నడక విషయంలో ఒక నిజం ముందే తెలిసి ఉండాలి. అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 120 నుంచి 150 కేలరీలు. ఒక పెద్ద చెంచాడు నూనెలో ఉండేదీ దాదాపు అంతే. నడక నుంచి వస్తూ దారిలో రెండు బజ్జీలు తింటే లెక్క మొదటికొస్తుంది. మరి నడవడం ఎందుకంటే, తిండి మాత్రమే తగ్గిస్తే కొవ్వుతోపాటు కండ కూడా కరిగిపోతుంది. తగ్గిన బరువు మళ్లీ పెరగకుండా నిలబెట్టేది వ్యాయామమే. వారానికి కనీసం 150 నిమిషాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, దానికి తోడు వారంలో రెండు రోజులు కండరాలకు పని. జిమ్‌కు వెళ్లలేనివాళ్లు కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేచి కూర్చోవడంతో మొదలుపెట్టొచ్చు. ఇల్లాలికి ఆ అరగంట దొరకాలంటే పొద్దున కాఫీ, పిల్లల బాక్సు ఇంకొకరు చూసుకోవాలి. అడగడానికి సంకోచించకండి. అడగకముందే ఆ పని అందుకునే భర్త అయితే మరీ సంతోషం.

తూకం యంత్రాన్ని అతిగా నమ్మొద్దు. మొదటి వారంలో గబుక్కున తగ్గేది చాలావరకు నీరు. ఆ తర్వాత వారానికి అరకిలో తగ్గినా మంచి వేగమే. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం మధుమేహం అంచున ఉన్నవారితో చేసిన అధ్యయనం 2006లో వెలువడింది. నడక, ఆహార మార్పులు పాటించినవారిలో మధుమేహం వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. వారి బరువు చెప్పుకోదగ్గంత తగ్గకపోయినా ఆ మేలు జరిగింది. ముల్లు కదలని వారాల్లో నిరాశపడేవాళ్లకు ఈ సంగతి మళ్లీ మళ్లీ చెప్పాలనిపిస్తుంది. టేపుతో నడుము కొలుచుకోండి. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు. ఇప్పటికే షుగరు మందులో, ఇన్సులినో వాడుతున్నవాళ్లు తిండి తగ్గించే ముందు డాక్టరుతో మాట్లాడి మోతాదు సరిచూసుకోవాలి, లేదంటే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు.

పిల్లల దగ్గర మనం ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. కంచంలో మెతుకు మిగల్చకూడదని నేర్పుతాం, మంచిదే. అయితే వాళ్లకు ఎంత కావాలో మనమే నిర్ణయించి కుప్పగా వడ్డించి, ఆ తర్వాత మిగల్చొద్దని బలవంతపెడితే కడుపు చెప్పే మాట వినడం వాళ్లు మరిచిపోతారు. మొదట కొంచెమే వడ్డించి, కావలసినప్పుడు మళ్లీ అడగనివ్వండి. “చాలమ్మా” అని వాళ్లు అన్నప్పుడు చేతిలోని గరిటె గిన్నెలోనే పెట్టేయండి.