పారేయడం కాదు, ఏరుకోవడం

ఎంపీసీ తీసుకున్న మనలో చాలామందికి బయాలజీ పదో తరగతితోనే ఆగిపోయింది. కిడ్నీ అంటే టీ వడకట్టే జల్లెడ లాంటిది అని ఒక గుర్తు మిగిలింది, అంతే. కానీ దాని డిజైన్ అలా లేదు. ఎలా ఉందో తెలుసుకున్నాక నాకు ముచ్చటేసింది, భయమూ వేసింది.

వెన్నెముకకు చెరోవైపు, పేగుల వెనక, కింది పక్కటెముకల దగ్గర రెండు కిడ్నీలు ఉంటాయి. ఒక్కోటి పిడికిలంత, సుమారు 150 గ్రాములు. పైన లివర్ ఉంది కాబట్టి కుడిది కాస్త కిందికి ఉంటుంది. ఇంత చిన్నవాటికి గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు వెళ్తుంది.

ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు. నెఫ్రాన్ మొదట్లో సన్నటి రక్తనాళాల ఉండ ఒకటి ఉంటుంది, పేరు గ్లోమెరులస్. రక్తం లోపలికి తెచ్చే గొట్టం కంటే బయటికి తీసుకెళ్లేది సన్నం. ఫ్లూయిడ్ మెకానిక్స్ చదివాం కదా, లోపల ప్రెషర్ పెరుగుతుంది. ఆ ప్రెషర్‌కి నీరు, ఉప్పు, గ్లూకోజ్, యూరియా అన్నీ పక్కనున్న నాళికలోకి వచ్చేస్తాయి. రక్తకణాలు, పెద్ద ప్రోటీన్లు ఆగిపోతాయి.

ఇలా నిమిషానికి 125 మి.లీ., అంటే రోజుకు 180 లీటర్లు! మూత్రం వచ్చేది మాత్రం లీటరున్నర. మిగతాదంతా నాళిక వెనక్కి తీసుకుంటుంది. గ్లూకోజ్ దాదాపు మొత్తం, నీరు 99 శాతం, ఉప్పు ఒంటికి ఎంత కావాలో అంత. ఇంట్లో సామానంతా వాకిట్లో పెట్టి, కావాల్సినవి మళ్లీ లోపలికి తెచ్చుకోవడం లాంటిది ఇది. వాకిట్లో మిగిలిందే మూత్రం.

మధుమేహం అనే మాటలో ఈ సంగతే ఉంది. మేహం అంటే మూత్రం. రక్తంలో గ్లూకోజ్ డెసిలీటరుకు సుమారు 180 మి.గ్రా. దాటితే నాళిక ఏరుకోలేదు, తీపి మూత్రంలోకి పోతుంది.

మూత్రాన్ని కిందికి దించేవి యురేటర్లు, 25–30 సెం.మీ. గొట్టాలు. వాటి కండరాలే అలలుగా నొక్కుతూ తోస్తాయి కాబట్టి మనం పడుకున్నా పని ఆగదు. అవి బ్లాడర్ గోడలోకి ఏటవాలుగా దూరతాయి. బ్లాడర్ నిండితే ఆ గోడే గొట్టాన్ని నొక్కేస్తుంది, మూత్రం వెనక్కి పోదు. విడిగా వాల్వ్ అక్కర్లేదు!

ఇక భయం సంగతి. పోయిన నెఫ్రాన్ మళ్లీ పుట్టదు. మిగిలినవి ఆ పని కూడా మీదేసుకుంటాయి. అందుకే ఒక కిడ్నీ దానం చేసినవాళ్లు మామూలుగా బతకగలరు. జబ్బు దాక్కునేది కూడా అందుకే. సగం సామర్థ్యం పోయినా నొప్పి ఉండకపోవచ్చు, క్రియాటినిన్ కూడా నార్మల్‌గానే కనిపించవచ్చు.

1943లో విలెం కోల్ఫ్ నెదర్లాండ్స్‌లో సెలోఫేన్ గొట్టంతో డయాలిసిస్ యంత్రం తయారుచేశారు. ఇప్పటి యంత్రాలు ఎంతో మెరుగుపడ్డాయి, అయినా ఏరుకునే పని వాటికి రాదు. అవసరమైన లవణాలు పోకుండా ద్రవంలో ముందే కలిపి ఉంచాలి. సాధారణంగా వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు. 168 గంటలు ఆగకుండా జరిగే పనికి 12 గంటల యంత్రం.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఈ లెక్క ఎన్నో ఇళ్లకి తెలుసు. అక్కడ షుగర్ లేనివాళ్లకీ కిడ్నీ జబ్బు వస్తోంది. కారణం ఇదీ అని పరిశోధకులు ఇంకా తేల్చలేదు.

మన హాస్టళ్ల సంగతికొస్తే, చాలా పెయిన్‌కిల్లర్లు గ్లోమెరులస్‌కి రక్తం తెచ్చే గొట్టాన్ని బిగుసుకునేలా చేస్తాయి. ఎండలో ఆడి, నీళ్లు తాగకుండా మాత్ర వేసుకుంటే దెబ్బ మీద దెబ్బే. బాత్రూమ్‌లు బాలేవని నీళ్లు మానేసే అమ్మాయిలకి ఇంకో చిక్కు. ఆడవాళ్ల మూత్రమార్గం సుమారు 4 సెం.మీ. మాత్రమే, ఇన్ఫెక్షన్ త్వరగా పైకి పాకుతుంది. శుభ్రమైన బాత్రూమ్ అడగడం ఆరోగ్యం అడగడమే.

ఈసారి ఇంటికెళ్లినప్పుడు షుగర్, బీపీ ఉన్న అమ్మానాన్నల రిపోర్టులు చూడండి. క్రియాటినిన్‌తో పాటు యూరిన్ ఆల్బుమిన్ పరీక్ష కూడా ఉందా? జల్లెడ చిరుగుతున్న సంగతి చాలాసార్లు ముందుగా చెప్పేది అదే. లేకపోతే డాక్టర్ని అడగమనండి.