రాతిధూళియు ఊపిరితిత్తులును

విద్యార్థులారా! కోలారు బంగారు గనుల పేరు మీరందఱును వినియే యుందురు. 1880 ప్రాంతమున ఆధునిక పద్ధతులతో ఆరంభమైన ఆ గనులు 2001లో మూతపడినవి. తెలుగు, తమిళ కార్మికులు వేలకొలది అచట మూడు కిలోమీటర్ల లోతువఱకు దిగి పనిచేసిరి. అచటి బంగారము పలుగురాతిలో నుండెడిది. ఆ రాతిని తొలచునపుడు రేగిన ధూళి పెక్కుమందికి సిలికోసిస్ అను వ్యాధిని తెచ్చిపెట్టెను.

క్రొత్త రబ్బరుబుడగ ఊదినంతనే ఉబ్బును. గట్టిపడిన తోలుసంచి ఎంత ఊదినను ఉబ్బదు. ఊపిరితిత్తులు ఆ తోలుసంచివలె బిగిసి, తగినంత గాలిని పీల్చుకొనలేని స్థితిని వైద్యులు రెస్ట్రిక్టివ్ వ్యాధి యందురు. ఉబ్బసము వేఱు, అందు గాలి గొట్టములు ఇఱుకై, లోని గాలి వెలికివచ్చుట కష్టమగును.

కారణములు: మిల్లీమీటరులో రెండువందలవ వంతుకంటె చిన్నదైన ధూళికణము ముక్కును, గొంతును దాటి గాలితిత్తులను చేరును. రక్షకకణములు దానిని మ్రింగి, జీర్ణించుకొనలేక తామే నశించును. అచట వాపు కలిగి, మచ్చలు గట్టును. ఇట్లు సంవత్సరములు గడచినకొలది ఊపిరితిత్తి బిగిసిపోవును. ఆస్‌బెస్టాస్ ధూళియు ఇట్టి హానియే చేయును. వెన్నెముక వంకర, శ్వాసకండరముల బలహీనత, అతిస్థూలకాయము గూడ గాలిపీల్చుటను పరిమితము చేయును. కొందఱిలో కారణము తెలియకయే మచ్చలు గట్టును.

రోగనిర్ణయము: మెట్లెక్కునపుడు ఆయాసము, విడువని పొడిదగ్గు తొలి లక్షణములు. ఎక్స్‌రే, సి.టి. చిత్రములలో మచ్చలు కనబడును. స్పైరోమీటరు అను యంత్రములో రోగి నిండుగా గాలిపీల్చి బలముగా ఊదవలెను. ఉదాహరణకు, ఆరోగ్యవంతుడు మొత్తము 4 లీటర్లు ఊది, అందు 3.2 లీటర్లు, అనగా నూటికి 80 వంతులు, మొదటి సెకనులోనే విడుచుననుకొందము. ఉబ్బసరోగి 3 లీటర్లలో 1.5 మాత్రమే మొదటి సెకనులో విడువవచ్చును. వంతు 50కి తగ్గినది. బిగిసిన ఊపిరితిత్తులవాడు 2 లీటర్లే ఊదినను, అందు 1.7 మొదటి సెకనులోనే వచ్చును; వంతు 85. మొత్తము తగ్గినది గాని వంతు తగ్గలేదు. సిలికోసిస్‌లో కొందఱికి రెండు లోపములును కలసియుండును.

చికిత్స: గట్టిన మచ్చను మాన్పు మందు లేదు. ధూళిపని మానవలెను, పొగ త్రాగరాదు. అవసరమైనచో ఆక్సిజన్, శ్వాసవ్యాయామములు, వ్యాధినిరోధక టీకాలు మేలుచేయును. కారణము తెలియని మచ్చలవ్యాధిని పిర్ఫెనిడోన్, నింటెడానిబ్ అను మందులు కొంత నెమ్మదింపజేయును. సిలికోసిస్ ఉన్నవారికి క్షయ సులభముగా సోకును. దానికి మాత్రము పూర్తిచికిత్స గలదు.

నివారణయే పరమౌషధము. రాతిని తడిపి తొలచుట, ధూళిని యంత్రముతో లాగివేయుట, తగిన ముసుగు ధరించుట ముఖ్యము. ముక్కునకు కట్టుకొను తువాలు ఈ సన్నని ధూళిని ఆపజాలదు.

తల్లిదండ్రులారా! రాళ్లమిల్లులో, క్వారీలో పనిచేసినవారు దగ్గుతో ఆసుపత్రికి పోయినపుడు, ఏ పని, ఎన్నేండ్లు చేసితిరో తప్పక చెప్పుడు. చెప్పనిచో సిలికోసిస్‌ను ఒట్టి క్షయయని పొరబడుట కలదు. విద్యార్థులారా! మీ యింటి పెద్దలకు డాక్టరుగారి భాష రాకున్నచో, వెంటనుండి ఆ మాట మీరే చెప్పుడు. మీరు నేర్చిన రెండు భాషలకు ఇంతకంటె మంచి వినియోగము మఱి యేమున్నది?