హిమసముద్ర జీవశాస్త్రము: రాయలసీమ విద్యార్థుల కొక త్రోవ

కర్నూలు, కడప జిల్లాలలో పుట్టి పెరిగిన విద్యార్థికి సముద్రము పాఠ్యపుస్తకములోని పటము మాత్రమే యగుటచేత, దక్షిణధ్రువ సముద్రగర్భమందలి జంతుజాలమును పరిశీలించుట తనకు తగిన వృత్తి కాదని యాతడు తలపోయుట సహజమే. కాని యీ శాస్త్రమునకు ఈతకంటె రసాయనశాస్త్రజ్ఞానమే ముఖ్యమని యెరుగవలెను.

అంటార్కిటికా జలములలోని ఐస్‌ఫిష్ అను మత్స్యమునే చూడుడు. దానికి పొలుసులు లేవు. మొప్పలు పాలిపోయిన తెలుపు. కోసినచో కారునది వర్ణరహితమైన రక్తము, ఏలయన వెన్నెముక గల జంతువులలో పెరిగిన పిమ్మటను హిమోగ్లోబిను లేనివి యీ కుటుంబపు చేపలే. శీతలజలమున ప్రాణవాయువు హెచ్చుగా కరగియుండుటచేతను, పెద్ద గుండె విస్తారమైన రక్తమును త్రిప్పుచుండుటచేతను అవి బ్రదుకుచున్నవి. ఆ సముద్రజలము మైనస్ 1.9 డిగ్రీలవరకు గడ్డకట్టదు. ఆ చలికి ఇతర సముద్రములలోని పెక్కు చేపల రక్తము గడ్డకట్టును గాని, వీని రక్తమందలి యొకవిధమైన ప్రోటీనులు మంచుకణముల నంటిపట్టుకొని వాని నెదుగనీయవు. 2021లో పోలార్‌స్టెర్న్ అను జర్మను నౌకనుండి వెడెల్ సముద్రమున కెమెరా దింపిన శాస్త్రజ్ఞులు, ఈ కుటుంబములోని యొక జాతి చేపల గూళ్లు అచ్చట సుమారు 6 కోట్లుండునని లెక్కగట్టిరి.

అంత దూర మేల? మన బేలం గుహల నీటియందే కన్నులు లేని ఐసోపాడ్ అను చిన్న జీవి కలదు. దాని జ్ఞాతులు అంటార్కిటికా సముద్రతలమున బహురూపములతో వర్ధిల్లుచున్నవి.

డిగ్రీలో జంతుశాస్త్రముగాని జీవరసాయనశాస్త్రముగాని చదివి, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయమునగాని నెల్లూరి విక్రమసింహపురి విశ్వవిద్యాలయమునగాని సముద్రజీవశాస్త్రమున ఎమ్మెస్సీ చేసి, సి.ఎస్.ఐ.ఆర్.-యు.జి.సి. నెట్ పరీక్షలో జె.ఆర్.ఎఫ్. అను పరిశోధనవేతనము సంపాదించినవానికి, గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రమును, కొచ్చిలోని సముద్ర జీవవనరుల కేంద్రమును పరిశోధనకు యోగ్యస్థానములు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. పరిశోధనసంస్థయందు ఎస్. శివాజీగారు అంటార్కిటికా బాక్టీరియాపై చేసిన కృషి, సముద్రతీరము లేని యూరనుండియు ఈ విద్య సాగునని చూపినది. అంటార్కిటికా యాత్ర కెన్నికైనవారు వైద్యపరీక్షలలో నెగ్గి, హిమాలయములలోని ఔలీయందు మంచుపై మెలగుట నభ్యసించి, అచ్చటి మన స్థావరములైన, 1989లో నెలకొల్పిన మైత్రికో, 2012లో వెలసిన భారతికో పోవుదురు.

స్థిరోద్యోగములు మాత్రము బహుస్వల్పము. మంచుపై ఫొటో దిగుటకై దీని నెన్నుకొనుట అవివేకము. ధ్రువయాత్ర దక్కకున్నను, ఈ చదువు రొయ్యల హేచరీలలోను వ్యాధినిర్ధారణ ల్యాబులలోను అక్కరకు వచ్చును. అంటార్కిటికా స్థావరములకు శాస్త్రజ్ఞులే కాదు, వైద్యులు, ఎలక్ట్రీషియనులు, వాహన మెకానిక్కులు, వంటవారు సైతము కాంట్రాక్టుపై కావలెను గనుక, ఐ.టి.ఐ. చదివినవారును గోవా సంస్థ ప్రకటనలను గమనించుచు, పాస్‌పోర్టు ముందుగానే తీసి యుంచుకొనవలెను.