కాపడం ఎంతసేపు?

ఏళ్ల తరబడి నడుము, మెడ, పిక్కలు నొస్తున్నవారు తరచు అడిగే మాట: “హకీం సాబ్, కాపడం పెడితే హాయిగానే ఉంటుంది, లేచాక మాత్రం నీరసం. ఎందుకు?”

యునానీలో కాపడాన్ని తక్మీద్ అంటాం. వేడికి రక్తనాళాలు విప్పారి, బిగిసిన కండరం వదులవుతుంది. హాయిగా ఉందని గంటసేపు పెడితే చెమట పోసి, రక్తపోటు తగ్గి, ఒళ్లు తేలిపోతుంది. ఇబ్న్ సీనా (980–1037) తన ‘అల్ ఖానూన్’లో అలసటనే రకాలుగా విడదీశాడు: పుండులా సలిపేది, బిగదీసేది, వాపులా వేడెక్కేది. మామూలుగా కాపడానికి లొంగేది బిగువే. వాపు, ఎరుపు, జ్వరం ఉంటే వద్దు.

గోధుమ పొట్టు, ఉప్పు పెనం మీద వేయించి మూటకట్టండి. పైన మరో గుడ్డ చుట్టి, ముందు మీ చేతిమీద వేడి చూసుకోండి. 15–20 నిమిషాలు చాలు. తర్వాత నీళ్లు తాగి, ఇంట్లోనే నెమ్మదిగా నడవండి. వెంటనే మంచమెక్కితే మళ్లీ పట్టేస్తుంది.

షుగరుతో పాదాలు మొద్దుబారినవారు అక్కడ కాపడం పెట్టుకోనే వద్దు. చర్మం కాలినా తెలియదు, ఆ పుండు కాలికే ముప్పు తెస్తుంది.

ఎన్నాళ్లకూ అలసట వదలకపోతే థైరాయిడ్, విటమిన్ డి పరీక్షలు చేయించండి. కొలెస్ట్రాల్ మాత్రలు మొదలయ్యాక వచ్చిన నొప్పయితే డాక్టరుకు చెప్పండి, మాత్ర మీ అంతట మీరు ఆపకండి.