నాటిన కొమ్మే కంచె గుంజ

పంట చేతికొచ్చే వేళ ఒక్క రాత్రి పశువులు పడితే చాలు, ఏడాది కష్టం నేలపాలవుతుంది. రాతి స్తంభాలు, ముళ్లతీగ కొనాలంటే సన్నకారు రైతుకు తలకు మించిన ఖర్చు. ఎండు గుంజలు పాతితే చెదలు తినేస్తాయి. ఇలాంటి చోట వేరు తొడిగే పచ్చి కొమ్మలనే గుంజలుగా నాటుకోవడం మేలు. బతికిన గుంజ ఏటా లావెక్కి గట్టిపడుతుంది. పైగా పొలానికి పచ్చిరొట్ట కూడా ఇస్తుంది.

ఏ కొమ్మలు నాటాలి?

గ్లైరిసిడియా (గిరిపుష్పం), గుంపెన, బాడిద కొమ్మలు తేలిగ్గా నాటుకుంటాయి. వేప, తుమ్మ కొమ్మలు ఇలా నాటితే బతకవు. గ్లైరిసిడియా, బాడిద పప్పుజాతి చెట్లు కాబట్టి వాటి ఆకులో నత్రజని ఎక్కువ. నీరు నిలిచే పల్లంలో మాత్రం కొమ్మలు కుళ్లిపోతాయి. అక్కడ గట్టు ఎత్తు చేసి నాటాలి.

కొమ్మ కోసే పద్ధతి

లేత కొమ్మలు వద్దు. బెరడు ముదిరి, అంగుళంన్నర నుంచి 2 అంగుళాల లావున్న 6 అడుగుల కొమ్మలు ఎంచుకోవాలి. పదునైన కత్తితో రెండు చివరలూ ఏటవాలుగా కోయాలి. బెరడు చీలిన కొమ్మను పక్కన పెట్టేయండి. మొదలు వైపు ఏదో గుర్తు పెట్టుకోవాలి. తలకిందులుగా నాటితే కొమ్మ సరిగ్గా వేరు పట్టదు. కోసిన కొమ్మలను ఎండలో పడేయకుండా నీడలో నిలబెట్టి, రెండు మూడు రోజుల్లో నాటేయాలి.

ఎప్పుడు, ఎలా నాటాలి?

రోహిణి కార్తె చివరలో కొమ్మలు సిద్ధం చేసుకుని, మృగశిరలో నేల తడవగానే నాటడం మంచిది. గడ్డపారతో అడుగున్నర గుంత తీసి, మట్టిలోకి దిగే భాగంలో బెరడుపై కత్తితో రెండు మూడు గాట్లు పెట్టి నిలపాలి. సమ్మెటతో కొట్టి దించితే బెరడు ఊడిపోతుంది. మట్టి వేసి కాలితో గట్టిగా తొక్కాలి.

చదరంగా ఉన్న ఎకరం చుట్టుకొలత సుమారు 835 అడుగులు. 3 అడుగులకొకటి నాటితే 280 కొమ్మలు కావాలి. మరో 40 కొమ్మలు బావి దగ్గర వరుసగా నాటి ఉంచితే, చనిపోయిన వాటి స్థానంలో మరుసటి ఏడు పెట్టుకోవచ్చు. సరిహద్దు గట్టు మీద కాకుండా అడుగున్నర లోపలికి నాటండి. పక్క రైతుతో ముందే మాట్లాడుకుంటే తర్వాత గట్టు తగాదా ఉండదు.

చిగురు చూసి మోసపోవద్దు

నాటిన కొద్ది వారాలకే చిగుళ్లు వస్తాయి. అవి కొమ్మలో దాగిన ఆహారంతో వచ్చినవే కావచ్చు. కింద వేరు ఇంకా పట్టి ఉండకపోవచ్చు. పట్టిందో లేదో చూద్దామని కొమ్మను కదిపితే లేత వేర్లు తెగిపోతాయి. వానలు మొహం చాటేస్తే ఒకటి రెండు తడులు ఇవ్వాలి.

మొదటి రెండేళ్లు గుంజల మధ్య ముళ్లకంప అడ్డం కట్టాలి. మేకలు ఈ చిగుళ్లను వదలవు. కట్టడానికి కొబ్బరి తాడు వాడండి. ఇనుప తీగ బిగించి చుడితే గుంజ లావెక్కేకొద్దీ బెరడు కోసుకుపోయి పైభాగం ఎండుతుంది. పక్క కొమ్మలు లేతగా ఉన్నప్పుడే అడ్డంగా వంచి పక్క గుంజకు కడితే క్రమంగా దడిలా అల్లుకుంటాయి.

రొట్ట ఎప్పుడు కోయాలి?

మొదటి ఏడు కత్తి పెట్టవద్దు. రెండో ఏటి నుంచి ఏడాదికి రెండు మూడు సార్లు 4 అడుగుల ఎత్తులో కత్తిరించాలి. అప్పుడే నీడ పైరు మీద పడదు, అడుగున గుబురు కడుతుంది. కోసిన రొట్టను దమ్ములో తొక్కవచ్చు, చెట్ల మొదళ్లలో పరచవచ్చు. గ్లైరిసిడియా ఆకును పశువులు వాసనకు మొదట ముట్టవు. వాడబెట్టి, వేరే మేతలో కొద్దిగా కలిపి అలవాటు చేయాలి. గుర్రాలకు మాత్రం పెట్టకూడదు, వాటికిది విషం.

కంచె ఎంత పొడవున్నా దాని బలం సందు దగ్గరే తేలుతుంది. ఒక్క గుంజ చచ్చినా పశువు అక్కడినుంచే దూరుతుంది. అందుకే వానాకాలం ముగిశాక ఓసారి చుట్టూ తిరిగి, ఎండిన గుంజలను గుర్తించి, ఆ సందులకు వెంటనే కంప కొట్టండి. వచ్చే మృగశిరకు బావి దగ్గరి మొక్కలు అక్కడికి చేర్చండి.